ఎవరి వేళ్లు

పదిహేడో నంబరు మంచం నాది.
కిటికీ తెరిస్తే మూసీ వాసన, మూస్తే ఫినాయిలు.
పొద్దుగాల నలుగురు డాక్టర్లు వచ్చిండ్రు,
ఒకరు పోయినంక ఒకరు, తెర ఈవలికి.
ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పొద్దని షరతు.
తలా ఒక కాగితం, తలా ఒక కవరు.

జమీలా మేడం అరచేతులు రుద్దుకుని వెచ్చ చేసుకున్నది.
ఎడమ పక్కటెముకల కింద వేళ్లు దించి
"ఈశ్వరాచారీ, గట్టిగ ఊపిరి పీల్చు" అన్నది.
పీల్చిన, మా నాయిన కొలిమితిత్తి లెక్క.

ముకుందరావు సారుది ఐసుముక్క చెయ్యి.
నా పొట్ట నన్నడగకుండనే బిగుసుకున్నది.

హౌస్ సర్జన్ లిఖిత, గోళ్లు కొరుక్కునే పిల్ల,
ఒత్తింది, కిటికీ దిక్కు చూసింది, మళ్ల ఒత్తింది.

ఆఖరుకు పెద్ద సారు.
ఆయన వేళ్లు దేన్నీ వెతకలే.
ఒక్కకాడ ఆగి ఉన్నయి,
రావాల్సింది అదే వస్తదన్నట్టు.

పగటిపూట కవర్లు విప్పితే
మేడం రాసింది: ప్లీహం తగిలింది, రెండు వేళ్లు.
ముకుందరావు సారు: తగల్లేదు.
పెద్ద సారు: ఒక వేలు.
పిల్ల కాగితం మీద "తగిలింది", దాని మీద కొట్టివేత,
కొట్టివేత పక్కన మళ్ల "తగిలింది".

"ఒక్క పొట్టకు ఇన్ని జవాబులా!"
పదహారో మంచం పెంటోజి,
బేగంబజార్ల మూటలు మోసెటోడు,
కుట్లు లాగకుండ దిండు అదుముకుని నవ్విండు.

నేను నవ్వలే.
బాలానగర్ల ఇరవై ఆరేండ్లు లేతు మీద నిలబడ్డోన్ని.
ఒకటే ఇత్తడి బుష్షు, ఒకటే మైక్రోమీటరు,
ముగ్గురం కొలిస్తే మూడు లెక్కలు, వెంట్రుకవాసి తేడాతో.
ఎవరిది తప్పని కొట్టుకునేటోళ్లం.
ఉస్తాద్ ఖాజామియా బీడీ ఆర్పి అనేటోడు:
"ముగ్గురివీ రాయుండ్రి.
నడుమ ఎంత సందున్నదో, అదీ ఒక కొలతే."

లిఖిత నా మంచం అంచున కూసొని
అరవైమంది పొట్టల లెక్క తీసింది.
ఉన్నదా లేదా అన్నకాడికి
ఇద్దరిద్దరిని జతకడితే
నాలుగిట్ల మూడుసార్లు కలిసిన్రట.
"మంచిగనే ఉన్నది కద బిడ్డా" అన్న.
"కండ్లకు గంతలు కట్టుకుని బొమ్మా బొరుసూ వేసినా
సగంసార్లు కలుస్తది కాకా.
ఆ ఉత్తపుణ్యానికొచ్చింది తీసెయ్యాలె."
తీసేసింది.
చేతికొచ్చింది సగం.
ఆ సగాన్ని చూస్తూ పెన్ను మూత కొరికింది.

ఆ పిల్లకు నేను చెప్పని ముచ్చట ఒకటున్నది.
ఊపిరితో పాటు కిందికి దిగుతదట ప్లీహం.
మేడానికి నిండు ఊపిరిచ్చిన.
సలికి ముడుసుకుని ముకుందరావు సారుకు సగమే.
పెద్ద సారు ముందట, భయమో మర్యాదో,
సరిగ పీల్చనే లేదు.
"నొప్పుందా" అని అందరూ అడిగిండ్రు.
వెచ్చటి చేతికి లేదన్న, సల్లటి చేతికి ఉందన్న,
పిల్లకేమో ఎట్లంటే సంతోషపడుతదో
ముఖం చూసి చెప్పిన.
నా మాటకు నా మాటే కలవలే.
నాకెవరూ కవరియ్యలే గాబట్టి దొరకలే, గంతే.

స్కానింగు రేపటికి పడ్డది.
అఫ్జల్‌గంజ్ దిక్కు బస్సుల మోత సద్దుమణిగింది.
చీకట్ల నా చెయ్యి నేనే పెట్టుకున్న,
మేడం పెట్టిన తావుల.
రెండు వేళ్లంటే ఎవరి రెండు వేళ్లు?
నా కుడిచేతికి ఉన్నయే నాలుగున్నర,
మిగిలిన సగం చక్కు నమిలేసి ఎన్నేండ్లాయెనో.

ఊపిరి పీల్చిన. నిండుగ. ఎవరికోసం కాదు.
ఏదో అంచు దిగొచ్చి
మొండివేలికి తగిలింది.
పక్కవేలికి తగల్లే.

"పెంటోజీ, నువ్వొకసారి చూడరాదు" అన్న.
అప్పటికే గురక.